రంగులు రాని ఫైలు: అది ఏ భాషో ఎడిటర్‌కు ఎలా తెలుస్తుంది?

పోయిన నెల ఒక మిత్రుడు రెండు స్క్రీన్‌షాట్లు పంపాడు. రెండిట్లోనూ ఒకటే స్క్రిప్టు, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసింది. ల్యాప్‌టాప్‌లో తెరిచినప్పుడు ఇఫ్, ఫర్ లాంటి మాటలు ఒక రంగులో, కొటేషన్ల మధ్య ఉన్నవి ఇంకో రంగులో, కామెంట్లు మసక బూడిద రంగులో కనిపిస్తున్నాయి. డెబియన్ లినక్స్ సర్వర్‌లో ‘వీఐ’ అనే ఎడిటర్ కమాండ్ కొట్టి తెరిస్తే మాత్రం నల్ల తెర మీద తెల్ల అక్షరాలు, అంతే. ఫైలు పాడైందేమోనని టెన్షన్ పడి రెండుసార్లు మళ్లీ కాపీ చేశాడట.

ఫైలుకు ఏమీ కాలేదు. ఒకే ఫైలుకు ఒకచోట రంగులు వచ్చి ఇంకోచోట ఎందుకు రావన్న ప్రశ్న కొత్తగా నేర్చుకునేవాళ్లే కాదు, ఏళ్ల తరబడి కోడ్ రాస్తున్నవాళ్లూ అడుగుతుంటారు. అసలు చిక్కు ఎక్కడుందంటే, ఫైలు అనేది వట్టి బైట్ల వరుస. ‘ఇది పైథాన్’ అని రాసిపెట్టడానికి, అన్ని ప్రోగ్రాములూ చూసి ఒప్పుకునే చోటు ఆ వరుసకు బయట ఎక్కడా లేదు. 1984లో వచ్చిన మాకింటాష్‌లో అలాంటి చోటు ఉండేది. ప్రతి ఫైలుకూ దాని రకాన్ని చెప్పే నాలుగక్షరాల కోడ్ ఒకటి, దాన్ని తయారుచేసిన ప్రోగ్రామును చెప్పే కోడ్ ఇంకొకటి ఫైల్ సిస్టమే దాచిపెట్టేది. ఆ పద్ధతి మిగతా వాటికి పాకలేదు. అందుకే ఈరోజు కోడ్ రాయడానికి వాడే ఏ ఎడిటరైనా ఫైలును చూసి ఊహించుకోవాల్సిందే. మంచి ఆధారాలతోనే ఊహిస్తుంది, కానీ ఒక్కో ఎడిటర్ ఒక్కో ఆధారాన్ని ముందు నమ్ముతుంది. గందరగోళమంతా అక్కడ పుడుతుంది.

(కింద ఎక్స్‌టెన్షన్లు, అంటే ఫైలు పేరు చివర చుక్క తర్వాత వచ్చే ముక్కలు, ఇంకా కమాండ్లు పలికినట్టు తెలుగులో రాస్తున్నాను. కొట్టేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.)

పోల్చుకోవడం ఒక పని, రంగు వేయడం ఇంకో పని

సింటాక్స్ హైలైటింగ్ అని ఒక్క మాటగా అంటాం గానీ అందులో రెండు పనులున్నాయి. మొదటిది, ఈ ఫైలు ఏ భాషలో ఉందో తేల్చడం. దీన్నే ఫైల్‌టైప్ అనో, లాంగ్వేజ్ మోడ్ అనో అంటారు. రెండోది, ఆ భాష నియమాల ప్రకారం ఏ ముక్కకు ఏ రంగో నిర్ణయించడం.

రెండో పనికి చాలా ఎడిటర్లు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల మీద ఆధారపడతాయి. అంటే ‘కొటేషన్ గుర్తుతో మొదలై కొటేషన్ గుర్తుతో ముగిసేది స్ట్రింగ్’ లాంటి నమూనాల జాబితా. 2004లో మ్యాక్ కోసం వచ్చిన టెక్స్ట్‌మేట్ అనే ఎడిటర్ ఈ జాబితాలు రాయడానికి ఒక పద్ధతి పెట్టింది. మైక్రోసాఫ్ట్ ఎడిటర్ వీఎస్ కోడ్ ఇప్పటికీ ఆ పద్ధతిలో రాసిన గ్రామర్లనే వాడుతుంది. ట్రీ-సిట్టర్ అనే మరో దారి 2018లో ఆటమ్ ఎడిటర్‌లోకి, 2021లో నియోవిమ్‌లోకి (టెర్మినల్‌లో నడిచే విమ్ ఎడిటర్‌కు కొత్త రూపం) వచ్చింది. అది నమూనాలు వెతకదు. కోడ్‌ను పూర్తిగా పార్స్ చేసి, అంటే భాష వ్యాకరణం ప్రకారం విడగొట్టి, చెట్టులా కడుతుంది, మీరు ఒక అక్షరం మారిస్తే ఆ మేరకే చెట్టును సరిదిద్దుతుంది.

ఇక్కడ తెలుగువాళ్లకు సంబంధించిన సంగతి ఒకటుంది. పైథాన్ 3లో వేరియబుల్‌కు తెలుగు పేరు పెట్టొచ్చు. ‘మొత్తం = 0’ అని రాస్తే నిక్షేపంగా నడుస్తుంది. కానీ పేరంటే అక్షరాలూ అంకెలూ మాత్రమే అనుకుని రాసిన పాత గ్రామర్‌కు గుణింతపు గుర్తులు, పొల్లు, సున్నా ఆ లెక్కలోకి రావు. ‘మ’ దగ్గరే పేరు అయిపోయిందనుకుంటుంది. అప్పుడు ఒకే మాట ముక్కలై కనిపిస్తే భాషను పోల్చుకోవడంలో తప్పు జరగలేదని, గ్రామర్ పొట్టిదైందని అర్థం.

రంగులు రానప్పుడు ఆగింది మొదటి పనా రెండోదా అన్నది ముందు చూడాల్సిన సంగతి. వీఎస్ కోడ్‌లో కింద కుడి మూలన భాష పేరు ఉంటుంది. విమ్‌లో ‘సెట్ ఫైల్‌టైప్?’ అని అడిగితే చెబుతుంది. అక్కడ సరైన భాషే కనిపిస్తున్నా రంగులు లేవంటే రెండో పనే ఆగినట్టు. దానికి మామూలు కారణం సైజు. వీఎస్ కోడ్ 20 ఎంబీ దాటిన ఫైళ్లకూ, 3 లక్షల లైన్లు దాటిన వాటికీ మెమరీ భారం ఎక్కువని రంగులు ఆపేస్తుంది. 20,000 అక్షరాలు దాటిన లైన్‌నూ వదిలేస్తుంది, కాబట్టి మొత్తం ఒకే లైన్‌గా కుదించిన జావాస్క్రిప్ట్ ఫైలు బోసిగా కనిపిస్తుంది. విమ్ మామూలుగా ఒక లైన్‌లో 3000వ కాలమ్ దాటాక రంగు వేయదు.

నా మిత్రుడి సర్వర్ సంగతి ఇంకా సూటిగా ఉంది. డెబియన్‌లో మొదట్నుంచీ ఉండే ‘వీఐ’ నిజానికి విమ్-టైనీ. స్థలం ఆదా కోసం సింటాక్స్ విభాగాన్నే తీసేసి కట్టిన విమ్ అది. ‘సింటాక్స్ ఆన్’ అని కొడితే ఈ కమాండ్ ఈ వెర్షన్‌లో లేదని ఈ319 అనే ఎర్రర్ చూపిస్తుంది. పూర్తి విమ్ ప్యాకేజీ పెట్టాక అదే ఫైలుకు రంగులు వచ్చాయి.

రంగులకు మించిన నష్టం

ఎడిటర్ భాషను తప్పుగా పోల్చుకుంటే పోయేది అందం ఒక్కటే అయితే ఇంత రాయాల్సిన పనిలేదు. ట్యాబ్ నొక్కితే ఏం పడాలి, కామెంట్ షార్ట్‌కట్ ఏ గుర్తు పెట్టాలి, తప్పులు చూపించే లాంగ్వేజ్ సర్వర్లలో ఏది మొదలవ్వాలి, ఇవన్నీ ఆ ఒక్క నిర్ణయం మీదే నడుస్తాయి.

మేక్‌ఫైల్‌నే తీసుకుందాం. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాసిన ‘మేక్’ అనే ప్రోగ్రాముకు ఆదేశాలిచ్చే ఫైలు ఇది. అందులో కమాండ్ ఉన్న లైన్ నిజమైన ట్యాబ్‌తోనే మొదలవ్వాలి. విమ్, వీఎస్ కోడ్ రెండూ మేక్‌ఫైల్ అని తెలిస్తే ట్యాబ్‌ను ట్యాబ్‌గానే ఉంచుతాయి. తెలియకపోతే, మీ మామూలు సెట్టింగ్ ప్రకారం దాని స్థానంలో స్పేసులు పడతాయి. కంటికి రెండూ ఒకటే. మేక్ మాత్రం ‘మిస్సింగ్ సెపరేటర్’ అని ఆగిపోతుంది. తప్పు ఎక్కడుందో కనపడక ఒక సాయంత్రమంతా ఆ లైన్ వైపే చూస్తూ కూర్చున్న అనుభవం నాకుంది.

మొదటి ఆధారం: పేరు

అన్నిటికంటే చవకైన ఆధారం ఫైలు పేరు. లోపలికి తొంగి చూడకుండానే డాట్ పీవై అంటే పైథాన్, డాట్ జేఎస్ అంటే జావాస్క్రిప్ట్ అని తేలిపోతుంది. ఎక్స్‌టెన్షన్ లేని మేక్‌ఫైల్, డాకర్‌ఫైల్, జెన్కిన్స్‌ఫైల్ లాంటి వాటికి పూర్తి పేర్ల జాబితా వేరే ఉంటుంది.

పేరే మోసం చేసే సందర్భం ఒకటి కోచింగ్ సెంటర్లలో రోజూ జరుగుతుంది. నోట్‌ప్యాడ్‌లో రాసి ‘హలో.పీవై’ అని సేవ్ చేస్తే, ఆ ఎక్స్‌టెన్షన్ గురించి తెలియని కంప్యూటర్‌లో అది ఒక్కోసారి ‘హలో.పీవై.టీఎక్స్‌టీ’ అయి కూర్చుంటుంది. తెలిసిన ఎక్స్‌టెన్షన్లను దాచడం విండోస్ అలవాటు కాబట్టి ఫోల్డర్‌లో ‘హలో.పీవై’ అనే కనిపిస్తుంది. ఎడిటర్ దాన్ని వట్టి టెక్స్ట్ అంటుంది. ఎడిటర్‌దే కరెక్ట్.

అంతకంటే లోతైన చిక్కు, ఒకే ఎక్స్‌టెన్షన్‌ను ఇద్దరు ముగ్గురు పంచుకోవడం. ఎక్స్‌టెన్షన్లను రిజిస్టర్ చేసే ఆఫీసు ఎక్కడా లేదు, ఎవరికి నచ్చింది వాళ్లు పెట్టుకున్నారు. డాట్ హెచ్ అంటే సీ హెడర్ కావొచ్చు, సీ++ కావొచ్చు, ఆబ్జెక్టివ్-సీ కావొచ్చు. డాట్ ఎం అంటే మ్యాట్‌ల్యాబ్, ఆక్టేవ్, ఆబ్జెక్టివ్-సీ, మ్యాథమెటికా. డాట్ పీఎల్ పెర్ల్‌దీ, ప్రోలాగ్‌దీ. డాట్ ఎండీ అంటే ఈరోజు మార్క్‌డౌన్ అని పిల్లలు కూడా చెబుతారు, కానీ విమ్ 7.4 నాటి వరకు ఆ ఎడిటర్ లెక్కలో డాట్ ఎండీ అంటే మాడ్యులా-2 భాష.

డాట్ టీఎస్ కథ మరీ మంచి ఉదాహరణ. 2012లో మైక్రోసాఫ్ట్ టైప్‌స్క్రిప్ట్‌ను విడుదల చేసేనాటికే ఆ ఎక్స్‌టెన్షన్ వీడియో ప్రసారాల ఎంపెగ్ ఫైళ్లకు ఉంది. క్యూటీ టూల్‌కిట్‌తో కట్టిన అప్లికేషన్ల అనువాదాలు ఉండే ఎక్స్ఎంఎల్ ఫైళ్లకూ అదే. అలాంటి అప్లికేషన్‌ను తెలుగులోకి తెచ్చేవాళ్ల చేతికి వచ్చేది ఆ డాట్ టీఎస్ ఫైలే. దాన్ని వీఎస్ కోడ్‌లో తెరిస్తే టైప్‌స్క్రిప్ట్ అనుకుని ప్రతి తెలుగు వాక్యం కిందా ఎర్ర గీతలు గీస్తుంది. విమ్ మొదటి లైన్ చూసి, అక్కడ ఎక్స్ఎంఎల్ గుర్తు ఉంటే ఎక్స్ఎంఎల్ అని, లేకపోతే టైప్‌స్క్రిప్ట్ అని తేలుస్తుంది. పేరు చాలనప్పుడు లోపలికి వెళ్లక తప్పదు.

రెండో ఆధారం: మొదటి లైన్

యూనిక్స్ స్క్రిప్టుల మొదటి లైన్‌లో #! అని రాసి, ఆ స్క్రిప్టును నడపాల్సిన ప్రోగ్రాము ఎక్కడుందో రాస్తారు. దీన్ని షెబ్యాంగ్ అంటారు. 1980లో డెనిస్ రిచీ తెచ్చిన ఏర్పాటు. ఇది ఎడిటర్ల కోసం పుట్టింది కాదు, కెర్నెల్ కోసం, అంటే ప్రోగ్రాములను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ గుండె కోసం. కానీ ‘రిపోర్ట్’ అని ఎక్స్‌టెన్షన్ లేకుండా పేరు పెట్టిన స్క్రిప్టు పైథానో బ్యాషో (టెర్మినల్‌లో కమాండ్లు నడిపే షెల్) చెప్పడానికి దీన్ని మించిన సాక్ష్యం లేదు కాబట్టి ఎడిటర్లూ వాడుకుంటున్నాయి.

దీన్ని కొంచెం దగ్గరగా చూద్దాం. ‘రిపోర్ట్’ అనే పైథాన్ స్క్రిప్టు. షెబ్యాంగ్ ఉంది, రంగులు మాత్రం రావడం లేదు. పైకి స్క్రోల్ చేస్తే కనిపించింది: షెబ్యాంగ్‌కు ముందు ఒక ఖాళీ లైన్. ఎవరో కాపీ చేసి అతికించినప్పుడు వచ్చి చేరింది. ఎడిటర్ చూసేది మొదటి లైన్‌నే, అది ఖాళీ. కెర్నెల్ కూడా మొదటి రెండు బైట్లు #! అయితేనే గుర్తిస్తుంది. దాంతో బ్యాష్ ఆ ఫైలును షెల్ స్క్రిప్ట్ అనుకుని తనే చదవడం మొదలుపెట్టి, రెండో లైన్ షెబ్యాంగ్‌ను కామెంట్‌గా దాటేసి, ఆ తర్వాత వచ్చిన ‘ఇంపోర్ట్’ దగ్గర అలాంటి కమాండ్ లేదంది. ఖాళీ లైన్ తీసేయగానే రంగులూ వచ్చాయి, స్క్రిప్టూ నడిచింది. రంగు రాకపోవడమే ఇక్కడ అసలు తప్పును పట్టించింది.

ప్రతిసారీ ఇలా పట్టించదు. పాత విండోస్ నోట్‌ప్యాడ్‌లో యూటీఎఫ్-8గా సేవ్ చేస్తే ఫైలు మొదట్లో బీఓఎం అనే మూడు కనపడని బైట్లు చేరేవి. 2019 నాటి విండోస్ 10 అప్‌డేట్‌తో ఆ అలవాటు మారింది. అలాంటి ఫైలును విమ్, వీఎస్ కోడ్ తెరిచేటప్పుడు ఆ బైట్లను పక్కన పెట్టేస్తాయి కాబట్టి రంగులన్నీ సరిగ్గా వస్తాయి. కెర్నెల్ పక్కన పెట్టదు. రంగులున్నా స్క్రిప్టు నడవదు.

మూడో ఆధారం: లోపలి సరుకు

పేరు, మొదటి లైన్ రెండూ తేల్చనప్పుడు మిగిలింది చదివి చూడటమే. విమ్ ఇక్కడ చిన్న చిన్న నియమాలు పెట్టుకుంది. డాట్ పీఎల్ అయితే, ఖాళీ కాని మొదటి లైన్ :- తోనో % తర్వాత స్పేస్‌తోనో మొదలైతే ప్రోలాగ్, అలాంటి గుర్తులేవీ లేకపోతే పెర్ల్. డాట్ ఎం అయితే మొదటి 100 లైన్లలో కామెంట్లు ఏ గుర్తుతో మొదలయ్యాయో చూస్తుంది. ఏదీ కుదరకపోయినా మొదటి 5 లైన్లలో ఏదో ఒకటి # తో మొదలైతే ‘కాన్ఫ్’ అని పేరు పెట్టి, ఏదో కాన్ఫిగరేషన్ ఫైలు అనుకుంటుంది. కామెంట్లకు రంగు వచ్చి మిగతాదంతా దాదాపు బోసిగా ఉండే ఫైళ్లు మీకు తారసపడి ఉంటే, చాలాసార్లు కారణం ఇదే.

కోడ్ దాచి పంచుకునే సైటు గిట్‌హబ్ వాడే లింగ్విస్ట్ అనే లైబ్రరీ ఇంకో అడుగు ముందుకు వేసి, నియమాలు కూడా తేల్చని చోట నమూనా ఫైళ్లతో నేర్పిన క్లాసిఫయర్‌ను, అంటే పోలికలు చూసి వర్గీకరించే ప్రోగ్రామును, అడుగుతుంది. వీఎస్ కోడ్ 2021 ఆగస్టు వెర్షన్ నుంచి, పేరు పెట్టని కొత్త ట్యాబ్‌లో ఏదైనా అతికిస్తే మెషీన్ లెర్నింగ్ మోడల్‌తో భాషను ఊహిస్తోంది. గెస్‌ల్యాంగ్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు మోడల్ అది.

ఈ ఊహ ఎంత కష్టమో తెలియాలంటే ఒక్క లైన్ చాలు: ప్రింట్("నమస్తే"). ఇది పైథాన్‌లో సరైన కోడ్. లువాలో, స్విఫ్ట్‌లో, ఆర్‌లో, జూలియాలో కూడా అక్షరం మార్చకుండా సరైన కోడే. ఎంత తెలివైన మోడలైనా ఇక్కడ చేసేది లాటరీయే. నాలుగు ఫంక్షన్లు ఉన్న ఫైలిస్తే చాలావరకు సరిగ్గా చెబుతుంది. నియమాల వైపు ఉన్నవాళ్ల వాదన కూడా గట్టిదే. నియమం తప్పితే ఎందుకు తప్పిందో చూసి దిద్దుకోవచ్చు, మోడల్ తప్పితే కారణం దొరకదు. అందుకే కాబోలు, పేరున్న ఫైలు దగ్గర అందరూ ముందు నియమాలనే నమ్ముతున్నారు.

నాలుగో ఆధారం: ఫైలు తనే చెప్పుకోవడం

ఊహలతో పనిలేకుండా ఫైలులోనే కామెంట్‌గా రాసిపెట్టొచ్చు. ఈమాక్స్ అనే ఎడిటర్ మొదటి లైన్‌లో -*- గుర్తుల మధ్య రాసిన మోడ్ పేరు చదువుతుంది. విమ్ పై 5 లైన్లలో, కింది 5 లైన్లలో ‘విమ్:’ తర్వాత రాసిన సెట్టింగులు చదువుతుంది. దీన్ని మోడ్‌లైన్ అంటారు.

సౌకర్యం బాగుంది, ప్రమాదమూ ఉంది. ఎవరో పంపిన ఫైలు మీ ఎడిటర్‌కు ఆదేశాలివ్వడమే కదా ఇది. 2019లో విమ్, నియోవిమ్ మోడ్‌లైన్లలో ఒక లోపం బయటపడింది. ప్రత్యేకంగా తయారుచేసిన టెక్స్ట్ ఫైలును తెరిస్తే చాలు, మీ కంప్యూటర్‌లో వేరే కమాండ్లు నడిచే వీలుండేది. విమ్ 8.1.1365 ప్యాచ్‌తో దాన్ని మూసేశారు. డెబియన్ అయితే మోడ్‌లైన్లను ముందు నుంచే ఆపి ఇస్తుంది. ఈమాక్స్ అనుమానమున్న సెట్టింగ్ కనిపిస్తే మిమ్మల్ని అడిగాకే అమలుచేస్తుంది.

సాక్ష్యాలు కొట్టుకున్నప్పుడు ఎవరి మాట నెగ్గుతుంది?

‘బ్యాకప్.టీఎక్స్‌టీ’ అనే ఫైలు ఉందనుకోండి. మొదటి లైన్‌లో బ్యాష్ షెబ్యాంగ్ ఉంది. పేరు టెక్స్ట్ అంటోంది, లోపల షెల్ స్క్రిప్ట్ ఉంది.

ఈమాక్స్ ముందు -*- లైన్ చూస్తుంది, తర్వాత షెబ్యాంగ్, ఆ తర్వాతే పేరు. కాబట్టి షెల్ స్క్రిప్ట్ అంటుంది. లింగ్విస్ట్ కూడా ఎక్స్‌టెన్షన్ కంటే షెబ్యాంగ్‌కే విలువిస్తుంది, గిట్‌హబ్‌లో అది షెల్‌గా లెక్కకొస్తుంది. వీఎస్ కోడ్ వరుస తలకిందులు. మొదట మీరు సెట్టింగుల్లో పెట్టిన ‘ఫైల్స్ అసోసియేషన్స్’, తర్వాత భాషలు నమోదు చేసుకున్న పేర్లు, చిట్టచివర మొదటి లైన్. డాట్ టీఎక్స్‌టీ నమోదైన పేరే కాబట్టి ప్లెయిన్ టెక్స్ట్ అంటుంది, షెబ్యాంగ్ దాకా రానే రాదు. ఒకే ఫైలుకు ఒక ఎడిటర్‌లో రంగులుండి ఇంకోదాంట్లో లేకపోతే, ఎవరూ తప్పు చేయకపోయినా అలా జరగొచ్చు.

విమ్‌లో సొంత నియమం రాసుకున్నవాళ్లకు ఇంకో మెలిక ఎదురవుతుంది. అక్కడ భాషను పెట్టే కమాండ్లు రెండు. ‘సెట్‌ఫైల్‌టైప్’ అని కలిపి రాసేది, ‘సెట్ ఫైల్‌టైప్=’ అని విడిగా రాసేది. మొదటిది మర్యాదస్తురాలు. అప్పటికే ఏదో నియమం భాషను తేల్చేసి ఉంటే నోరెత్తదు. రెండోది ఉన్నదాన్ని తీసేసి తన మాట పెడుతుంది. మీ ‘ఎఫ్‌టీడిటెక్ట్’ ఫోల్డర్‌లోని నియమాలు విమ్ సొంత నియమాల తర్వాత నడుస్తాయి. విమ్‌కు తెలియని ఎక్స్‌టెన్షన్ అయితే ఏ కమాండైనా పనిచేస్తుంది. తెలిసిన దాన్ని మార్చాలని మొదటి కమాండ్ రాస్తే ఏ ఎర్రర్ రాదు, ఏ మార్పూ రాదు. ‘నా నియమాన్ని విమ్ చదవడం లేదు’ అనే ఫిర్యాదు వెనకాల తరచూ ఉండేది ఇదే.

చెప్పే హక్కు ఎవరిది?

మొదటి వాదన, ఫైలే చెప్పుకోవాలని. మోడ్‌లైన్ ఫైలుతోపాటే ప్రయాణిస్తుంది, ఎవరి చేతిలో పడ్డా మాట మారదు. కానీ విమ్ కోసం రాసిన లైన్ వీఎస్ కోడ్ వాడేవాళ్లకు వట్టి చెత్త, దానంతట అది ఆ లైన్ చదవదు. భద్రత గురించి పైన చెప్పుకున్నదీ ఉంది.

రెండో వాదన, ప్రాజెక్టు చెప్పాలని. రిపాజిటరీలో (ప్రాజెక్టు ఫైళ్లన్నీ ఉండే చోట) డాట్ గిట్ఆట్రిబ్యూట్స్ ఫైలు పెట్టి ‘ఈ ఫోల్డర్‌లో డాట్ టీఎస్ అంటే ఎక్స్ఎంఎల్’ అని రాస్తే గిట్‌హబ్ వింటుంది. వీఎస్ కోడ్ సెట్టింగులను కూడా ప్రాజెక్టులోనే ఉంచితే టీమ్ అంతటికీ ఒకే రంగులు వస్తాయి. తెలిసిన మనుషులు కూర్చుని తీసుకున్న నిర్ణయం కాబట్టి నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది. దీని లోటు, ఒక్కో ఎడిటర్‌కూ విడివిడిగా రాయాలి. అన్ని ఎడిటర్లూ పాటించేలా ‘ఈ ఫైలు ఈ భాష’ అని ఒక్కచోట రాసే ప్రమాణం ఇంకా స్థిరపడలేదు. మూడో దారి, మీ కంప్యూటర్‌లో మీరే పెట్టుకోవడం. అన్నిటికంటే సులువు, కానీ మీ పక్క సీటు దాకా కూడా వెళ్లదు.

ఒకే ఫైలులో రెండు భాషలుంటే

ఇంతవరకు ఒక ఫైలుకు ఒక భాష అనుకున్నాం. సర్వర్ల పనిచేసేవాళ్లు రోజూ చూసే ‘ఎన్‌జిన్ఎక్స్.కాన్ఫ్.జే2’ లాంటి ఫైలు అలా ఉండదు. పైకి అది ఎన్‌జిన్ఎక్స్ అనే వెబ్ సర్వర్ కాన్ఫిగరేషన్, మధ్య మధ్యలో జంట మీసాల బ్రాకెట్లలో జింజా టెంప్లేట్ ముక్కలు, అంటే తర్వాత విలువలు నింపే ఖాళీలు. చివరి ఎక్స్‌టెన్షన్‌ను నమ్మితే జింజా ముక్కలకే రంగు వస్తుంది, దాని ముందున్నదాన్ని నమ్మితే ఆ ముక్కలు తప్పుల్లా కనిపిస్తాయి.

హెచ్‌టీఎంఎల్‌లో సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్ ఎక్కడ మొదలవుతాయో ట్యాగులే చెబుతాయి కాబట్టి ఎడిటర్లు ఒక గ్రామర్ లోపల ఇంకో గ్రామర్‌ను పిలుస్తాయి. మార్క్‌డౌన్‌లో మూడు బ్యాక్‌టిక్‌ల పక్కన భాష పేరు మనమే రాస్తాం. టెంప్లేట్లలో అలాంటి సరిహద్దు రాయి ఉండదు, జింజా ముక్క లైన్ మధ్యలో ఎక్కడైనా దూరుతుంది. విమ్ దీనికి చుక్కతో కలిపిన జంట పేర్లను ఒప్పుకుంటుంది. ‘యామల్.యాన్సిబుల్’ అని పెడితే రెండు భాషల నియమాలనూ ఒకదాని తర్వాత ఒకటి లోడ్ చేస్తుంది. వీఎస్ కోడ్‌లో ఫైలుకు ఒకే భాష పేరు ఉండాలి. అందుకే అక్కడ యాడ్-ఆన్‌లు (వాటినీ ఎక్స్‌టెన్షన్లనే అంటారు) రాసేవాళ్లు ‘జింజా యామల్’, ‘జింజా హెచ్‌టీఎంఎల్’ అని ప్రతి జంటకూ కొత్త భాషను పుట్టిస్తున్నారు.